హరికేన్ ఎంత కేటగిరీ అని అడిగితే సరిపోదు

జూన్ 1తో అట్లాంటిక్ హరికేన్ సీజన్ మళ్ళీ మొదలవుతుంది, నవంబర్ 30 దాకా ఉంటుంది. 2025లో ఒక్క హరికేన్ కూడా అమెరికా ప్రధాన భూభాగంలో తీరం దాటలేదు. 2015 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఒక ఏడాది ప్రశాంతంగా గడిచిపోతే జాగ్రత్త కూడా కాస్త సడలుతుంది. ఈమధ్యే చికాగో నుంచి టాంపాకో, డెట్రాయిట్ నుంచి హ్యూస్టన్‌కో మారిన మన కుటుంబాలకైతే హరికేన్ ఇంకా టీవీలో చూసే విషయమే.

తుపాను పేరు వినపడగానే మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత కేటగిరీ?" ఒకటో రెండో అంటే "అయితే పర్లేదు" అంటారు. నాలుగో అయిదో అంటే కార్లలో సామాను సర్దుతారు. ఇల్లు వదిలి వెళ్ళాలా, ఉండాలా అన్న పెద్ద నిర్ణయం ఆ ఒక్క అంకె మీద జరిగిపోతోంది. కానీ ఆ అంకె కొలిచేది తుపాను గాలుల గరిష్ఠ వేగాన్ని మాత్రమే. ఆ గాలి ఎంత దూరం విస్తరించింది, మన ఊరి మీదికి ఎటునుంచి వీస్తుంది, తుపాను కేంద్రంలో వాయుపీడనం ఎంతకు పడిపోయింది, తుపాను ఎంత వేగంగా కదులుతోంది అన్నవి అందులో ఉండవు. మన ఇంట్లోకి నీళ్ళు వస్తాయా రావా అన్నది ఎక్కువగా తేల్చేవి అవే.

పదమూడు రోజుల తేడాలో రెండు తుపాన్లు

2024లో టాంపా వాసులు చూసిన రెండు తుపాన్లను గుర్తుచేసుకుంటే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడాలోని బిగ్ బెండ్ ప్రాంతంలో కేటగిరీ 4గా తీరం దాటింది. దాని కేంద్రం టాంపాకు వంద మైళ్ళకు పైగా దూరంలో, సముద్రం మీదుగానే వెళ్ళిపోయింది. అయినా టాంపా బేలో అంతకుముందెన్నడూ నమోదు కానంత ఉప్పెన వచ్చింది. పక్కనున్న పినెల్లాస్ కౌంటీలో పదిమందికి పైగా చనిపోయారు.

పదమూడు రోజుల తర్వాత, అక్టోబర్ 9న మిల్టన్ వచ్చింది. గల్ఫ్ మీద ఉండగా ఇరవైనాలుగు గంటల్లో దాని గాలి వేగం గంటకు 90 మైళ్ళకు పైగా పెరిగింది. గాలులు 180 మైళ్ళకు చేరాయి, పీడనం 900 మిల్లీబార్ల కిందికి పడిపోయింది. దారి నేరుగా టాంపా వైపే ఉందని హెచ్చరికలు వచ్చాయి. చివరికి అది కాస్త దక్షిణంగా, సారసోటా దగ్గరి సియెస్టా కీ వద్ద కేటగిరీ 3గా తీరం దాటింది. అప్పుడు టాంపా బేలోకి నీళ్ళు రాలేదు సరికదా, ఉన్న నీళ్ళే వెనక్కి వెళ్ళి అడుగున బురద కనిపించింది.

దూరంగా వెళ్ళిన తుపాను ముంచేసింది, దగ్గరగా వచ్చిన తుపాను నీళ్ళు లాగేసింది. దీన్ని అదృష్టం అనుకుంటే వచ్చేసారి ఏం చేయాలో తెలియదు. జరిగింది గాలి దిశను బట్టి. ఆ దిశను పీడనమూ, భూమి తిరగడమూ కలిసి నిర్ణయిస్తాయి.

అల్పపీడనం అంటే

"బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది" అన్న వార్త రేడియోలో వింటూ పెరిగినవాళ్ళం మనం. అల్పపీడనం బలపడితే వాయుగుండం, అది ఇంకా బలపడితే తుపాను. హరికేన్ కూడా అదే. పుట్టిన సముద్రాన్ని బట్టి పేరు మారుతుందంతే.

సముద్రమట్టం దగ్గర మన మీదున్న గాలి బరువు వల్ల కలిగే పీడనం సగటున 1013 మిల్లీబార్లు. సముద్రపు నీరు దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కినప్పుడు దాని మీది తేమగాలి పైకి లేస్తుంది. పైన చల్లబడి ఆవిరి నీటిబొట్లుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, బాగా ఎత్తులో నలువైపులా బయటికి పారిపోతుంది. పైనుంచి బయటికి పోయే గాలి, కింద లోపలికి వచ్చే గాలి కంటే ఎక్కువగా ఉన్నంతసేపూ కేంద్రంలో పీడనం తగ్గుతూనే ఉంటుంది. పీడనం తగ్గేకొద్దీ చుట్టూ ఉన్న గాలి మరింత జోరుగా లోపలికి వస్తుంది. వస్తూ సముద్రం నుంచి ఇంకా తేమను మోసుకొస్తుంది. ఇలా తన ఇంధనాన్ని తానే లాక్కునే యంత్రం తయారవుతుంది.

లోపలికి వచ్చే గాలి తిన్నగా కేంద్రానికి చేరదు. భూమి తన చుట్టూ తాను తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడివైపుకు మళ్ళుతుంది. లోపలికి లాగే పీడనం, పక్కకు మళ్ళించే భూభ్రమణం కలిసి గాలిని కేంద్రం చుట్టూ తిప్పుతాయి. మనవైపు ఆ తిరుగుడు ఎప్పుడూ గడియారం ముళ్ళకు వ్యతిరేక దిశలోనే. కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. తిరిగే కుర్చీలో కూర్చున్న పిల్లలు చాచిన చేతులు దగ్గరికి లాక్కుంటే కుర్చీ వేగం పెరగడం అందరం చూసిందే.

ఇప్పుడు టాంపా లెక్క సులభం. తుపాను వెళ్ళే దిశకే ముఖం పెట్టి నిలబడ్డామనుకోండి. కుడిచేతి వైపున గాలి తుపాను వెళ్ళే దిశలోనే వీస్తుంది, తుపాను కదలిక వేగం కూడా దానికి కలుస్తుంది. ఎడమచేతి వైపున గాలి వెనక్కి వీస్తుంది. హెలీన్ ఉత్తరంగా వెళ్తున్నప్పుడు టాంపా దాని కుడివైపున ఉంది. దక్షిణం నుంచి వీచిన గాలులు గంటలకొద్దీ నీటిని తీరం మీదికీ, బే లోపలికీ తోశాయి. మిల్టన్ తూర్పు దిక్కుగా తీరం దాటినప్పుడు టాంపా దాని ఎడమవైపున ఉంది. నేల మీదినుంచి సముద్రం వైపు వీచిన గాలి బేలోని నీటిని బయటికి నెట్టింది. ఆ ఉప్పెన కుడివైపున ఉన్న వెనిస్, మానసోటా కీ ప్రాంతాలకు వెళ్ళింది. కేంద్రం ఓ నలభై యాభై మైళ్ళు ఉత్తరంగా దాటి ఉంటే కథ తలకిందులయ్యేది.

అలాగని ఎడమవైపు ఉంటే క్షేమమని కాదు. మిల్టన్ రోజునే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన పడింది. తుపాను తీరం దాటక ముందే, రాష్ట్రానికి అవతలి ఒడ్డున సెయింట్ లూసీ కౌంటీలో దాని బయటి మేఘాల నుంచి పుట్టిన టోర్నడోలు ఆరుగురిని బలి తీసుకున్నాయి.

పీడనం నీటిని పైకి పీలుస్తుందా

ఉప్పెన గురించి మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది: మధ్యలో పీడనం తక్కువ కాబట్టి సముద్రం పైకి పొంగుతుంది, అదే ఊళ్ళ మీద పడుతుంది అని. కొంత నిజమే. పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. మిల్టన్ బాగా బలంగా ఉన్నప్పటి లెక్క తీసుకున్నా, వంద మిల్లీబార్లకు పైగా తగ్గితే లేచేది మీటరు పైచిలుకు. అదికూడా నడిమధ్యలో మాత్రమే. మిగతా ఉప్పెనంతా గాలి తోసుకొచ్చిన నీరే. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువగా ఉంటే ఆ నీటికి పోవడానికి చోటు దొరకక నేల మీదికి ఎక్కుతుంది. ఫ్లోరిడా పడమటి తీరం, టెక్సాస్, లూసియానా తీరాలు అలాంటివే.

అయితే పీడనంతో మనకేం పని అనిపించవచ్చు. పీడనం ఎంత పడిపోయిందన్నది మొత్తం తుపాను దగ్గరున్న శక్తికి గుర్తు. ఆ శక్తి చిన్న చోట ఇమిడి ఉందా, వందల మైళ్ళు పరచుకుందా అన్నది వేరే సంగతి. పార్కులో ఒకే ఎత్తున్న రెండు జారుడుబల్లలు ఉన్నాయనుకోండి. పొట్టిది నిటారుగా ఉంటుంది, దాని మీద పిల్లలు వేగంగా జారతారు. పొడవాటిది వాలుగా ఉంటుంది, వేగం తక్కువ కానీ ఎక్కువ నేల ఆక్రమిస్తుంది. పీడనంలో తేడా ఆ ఎత్తు లాంటిది, గాలి వేగం ఆ వాలు లాంటిది.

1992లో దక్షిణ ఫ్లోరిడాను కూల్చేసిన ఆండ్రూ 922 మిల్లీబార్లతో తీరం దాటింది. 2005లో కత్రినా లూసియానా తీరం దాటినప్పుడు 920. పీడనం ఇంచుమించు ఒకటే. కానీ ఆండ్రూ చిన్నది, గాలి 165 మైళ్ళు, కేటగిరీ 5. కత్రినా చాలా పెద్దది, గాలి 125 మైళ్ళు, కేటగిరీ 3. ఉప్పెన మాత్రం ఆండ్రూలో గరిష్ఠంగా సుమారు 17 అడుగులు, కత్రినాలో మిసిసిపీ తీరాన సుమారు 28 అడుగులు. అంకె చిన్నదైన తుపానే ఎక్కువ నీటిని తెచ్చింది.

ఎడిసన్, జెర్సీ సిటీల్లో పాతకాపులకు శాండీ గుర్తుండే ఉంటుంది. 2012 అక్టోబర్ 29న న్యూజెర్సీ తీరం చేరేటప్పటికి దాని గాలులు 80 మైళ్ళే. కేటగిరీ లెక్కలో అది అట్టడుగు. పీడనం మాత్రం 945. బలమైన గాలులు దాదాపు వెయ్యి మైళ్ళ వెడల్పున పరచుకుని ఉన్నాయి. అంతమేర గాలి తోసిన నీరు మాన్‌హట్టన్ దిగువ భాగంలో సబ్‌వేలోకి దిగింది, హోబోకెన్ వీధుల్లో నిలిచింది.

ఈ అంకె ఎక్కడిది

సాఫిర్–సింప్సన్ కొలబద్ద 1970ల మొదట్లో వచ్చింది. హెర్బర్ట్ సాఫిర్ ఇంజనీరు, భవనాలకు గాలి వల్ల కలిగే నష్టం ఆయన దృష్టి. రాబర్ట్ సింప్సన్ నేషనల్ హరికేన్ సెంటర్‌కు డైరెక్టర్. మొదట్లో ఒక్కో కేటగిరీ పక్కన పీడనం ఎంత, ఉప్పెన ఎంత అన్న అంచనాలు కూడా ఉండేవి. కానీ ఒకే కేటగిరీలోని రెండు తుపాన్లు పూర్తిగా వేర్వేరు ఉప్పెనలు తెస్తుంటే ఆ అంచనాలు జనాన్ని తప్పుదారి పట్టించాయి. 2010లో వాటిని తీసేసి, గాలిని ఒక్కదాన్నే ఉంచారు. అంటే అది గాలి కొలబద్ద అని శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు. మనం మాత్రం ఇంకా దాన్ని మొత్తం ప్రమాదానికి మార్కుల్లా చదువుతున్నాం.

2020లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఫిలిప్ క్లోట్జ్‌బాక్, మరికొందరు కలిసి 1900 నుంచి అమెరికా తీరం దాటిన హరికేన్లను పరిశీలించారు. జరిగిన నష్టాన్ని గాలి వేగం కంటే కేంద్రంలోని పీడనమే మెరుగ్గా సూచిస్తోందని తేల్చారు. కారణం మనం పైన చూసిందే. పీడనంలో గాలి వేగమూ, తుపాను పరిమాణమూ రెండూ కలిసి ఉంటాయి.

2024లో మైఖేల్ వేనర్, జేమ్స్ కోసిన్ అనే శాస్త్రవేత్తలు 192 మైళ్ళ పైన కేటగిరీ 6 ఉండాలేమోనన్న చర్చ లేవనెత్తారు. సముద్రాలు వేడెక్కుతున్నాయని చెప్పడానికి ఆ చర్చ పనికొస్తుంది. కానీ తీరంలో ఉన్న కుటుంబానికి కావలసింది ఇంకో మెట్టు కాదనిపిస్తుంది. అయిదు చాలదని ఆరు పెడితే, రెండు అన్న మాట ఇంకా చిన్నదిగా వినిపిస్తుంది. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో ఈ తుపాన్ల వల్ల నేరుగా సంభవించిన మరణాల్లో దాదాపు 90 శాతం నీటి వల్లే. కేటగిరీ 6లోనూ నీటికి చోటు లేదు.

తుపానును నడిపించే గాలులు

తుపాను ఎటు వెళ్ళాలో తనంతట తాను పెద్దగా నిర్ణయించుకోదు. ఏటిలో ఆకులా, చుట్టూ ఉన్న పెద్ద గాలుల ప్రవాహం మీద కొట్టుకుపోతుంది. అట్లాంటిక్ మీద బెర్ముడా వైపున్న అధికపీడనం అంచునే తుపాన్లు సాధారణంగా ప్రయాణిస్తాయి. అది పడమటికి జరిగితే అవి అమెరికా మీదికి వస్తాయి, బలహీనపడితే ముందుగానే ఉత్తరానికి తిరిగి సముద్రంలోకి పోతాయి. 2025లో ఎరిన్, హంబెర్టో, మెలిసా మూడూ కేటగిరీ 5కి చేరాయి. సముద్రం చల్లగా ఏమీ లేదు, నడిపించే గాలులు మనకు అనుకూలించాయి. ఎరిన్ తీరానికి చాలా దూరంగా వెళ్ళినా నార్త్ కరోలినా ఔటర్ బ్యాంక్స్‌లో అలలు రోడ్డును ముంచేశాయి. మెలిసా అక్టోబర్ 28న గంటకు దాదాపు 185 మైళ్ళ గాలులతో జమైకాను తాకింది. మనకు తప్పినది వాళ్ళకు తగిలింది.

ఆ నడిపించే గాలులే ఆగిపోతే ఏమవుతుందో హ్యూస్టన్‌లో ఉన్నవాళ్ళకు 2017లో తెలిసింది. హార్వీ కేటగిరీ 4గా రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. తర్వాత గాలి తగ్గి మామూలు తుపాను అయింది. కానీ కదలకుండా అక్కడక్కడే తిరిగింది. నెడర్లాండ్ అనే ఊళ్ళో 60 అంగుళాలకు పైగా వాన కురిసింది. హ్యూస్టన్ మునిగింది హార్వీకి కేటగిరీ అంటూ లేని రోజుల్లోనే. 2024 జులైలో వచ్చిన బెరిల్ కేటగిరీ 1 మాత్రమే, కానీ హ్యూస్టన్ దాని కుడివైపున పడింది. ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొందరు మండుటెండల్లో రోజుల తరబడి ఏసీ లేకుండా గడిపారు.

మన తీరంలోనూ ఇదే లెక్క. మెలిసా జమైకాను తాకిన 2025 అక్టోబర్ 28 రాత్రే మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. భారత వాతావరణ శాఖ చెప్పిన గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. అమెరికా కొలబద్దలో కేటగిరీ 1 మొదలయ్యేది 119 కిలోమీటర్ల దగ్గర. అక్కడ మూడు నిమిషాల సగటు, ఇక్కడ ఒక నిమిషం సగటు తీస్తారు కాబట్టి నేరుగా పోల్చలేం కానీ, అది చిన్న అంకే. మర్నాడు వానకు మునిగింది మాత్రం తీరానికి ఎంతో దూరంలో ఉన్న వరంగల్, హనుమకొండ. 1977 నవంబర్ 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. ఉప్పెన మింగింది దాని కుడివైపున ఉన్న దివిసీమను.

ఈసారి ఏం చూడాలి

నేషనల్ హరికేన్ సెంటర్ ఆరు గంటలకొకసారి ఇచ్చే ప్రకటనలో కేటగిరీతో పాటు మరికొన్ని అంకెలు ఉంటాయి. చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. కేంద్రంలో పీడనం ఎంత, ముందటి ప్రకటనతో పోలిస్తే పడిపోతోందా లేస్తోందా చూడండి. గాలులు కేంద్రం నుంచి ఎన్ని మైళ్ళ దాకా విస్తరించాయో చూడండి. గంటకు ఎన్ని మైళ్ళు కదులుతోందో చూడండి, మరీ నెమ్మదిగా ఉంటే వాన గురించి భయపడాలి. తర్వాత మ్యాపులో మన ఊరు దాని దారికి కుడివైపా, ఎడమవైపా చూడండి. దారి ఆఖరి నిమిషంలో మారవచ్చు కాబట్టి ఎడమవైపున ఉన్నామని నిశ్చింతగా కూర్చోకూడదు. టీవీలో చూపించే ఆ తెల్లటి శంకువు తుపాను కేంద్రం ఎక్కడ ఉండవచ్చో చెబుతుంది, తుపాను ఎంత పెద్దదో చెప్పదు. హెలీన్ రోజు చూసినట్టు, కేంద్రం వంద మైళ్ళ దూరంలో ఉన్నా నీళ్ళు రావచ్చు.

ఇల్లు వదలాలా అన్నదానికి కేటగిరీ కంటే మీ ఎవాక్యుయేషన్ జోన్ ముఖ్యం. ఫ్లోరిడాలో ఏ, బీ, సీ జోన్లు ఉప్పెన లెక్కతో గీసినవే. కౌంటీ వెబ్‌సైటులో అడ్రసు కొడితే తెలుస్తుంది. మీ జోన్ ఖాళీ చేయమంటే, తుపాను కేటగిరీ 1 అయినా బయల్దేరడమే. వేసవిలో అమ్మానాన్నలు, అత్తమామలు ఇండియా నుంచి వచ్చి ఉండే నెలలు కూడా ఇవే. వాళ్ళ మందులు, పాస్‌పోర్టులు, ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితాలు ఒకే సంచీలో ముందే పెట్టుకుంటే ఆ రాత్రి వెతుక్కునే పని తప్పుతుంది.

కేటగిరీలో నీళ్ళు లేనట్టే, మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లోనూ వరదనీళ్ళు లేవు. ఫ్లడ్ పాలసీ వేరే తీసుకోవాలి. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ సాధారణంగా కొన్న ముప్ఫై రోజులకు గానీ అమల్లోకి రాదు. తుపానుకు పేరు పెట్టాక కొంటే ఆ తుపానుకు పనికిరాదు. గాలి నష్టానికి కూడా తీరప్రాంత పాలసీల్లో హరికేన్ డిడక్టిబుల్ తరచు శాతంలో ఉంటుంది. అయిదు లక్షల డాలర్లకు ఇన్సూర్ చేసిన ఇంటికి రెండు శాతం అంటే మొదటి పదివేల డాలర్లు మన చేతినుంచే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా తమ సామానుకు వరద కవరేజీ ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.

ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య దాకా సీజన్ ఉధృతంగా ఉంటుంది. జూన్ మొదటి వారంలో జోన్ చూసుకుని, పాలసీ తీసుకుంటే అప్పటికి అన్నీ అమల్లో ఉంటాయి. ఆ తర్వాత గ్రూపులో ఎవరైనా "ఎంత కేటగిరీ?" అని అడిగితే, జవాబుతో పాటు "మీది ఏ జోన్?" అని కూడా అడగండి.